మిద్దె మోసే కంబం ఎంత లావుండాలి?

మృగశిర కార్తె ప్రవేశించకముందే దేవదుర్గ తాలూకా పల్లెలలో మట్టి మిద్దెలపైకి తట్టలతో కొత్త మన్ను చేరుతుంది. నిరుటి వానకు కోసుకుపోయిన చోట్లు పూడ్చి, పైన చౌడు పరచి, నీరు నిలువకుండా వాలు సరిచేస్తారు. కన్నడంలో మాళిగె అనీ, తెలుగులో మిద్దె అనీ పిలిచే ఈ ఇంటి కట్టడి సరిహద్దుకు ఇరువైపులా కనిపిస్తుంది. గద్వాల, ఆలంపూరు తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలోనివే. రాష్ట్రాల గీతలు మారినా జంతెలు, దూలాలు, కంబాల వరుస మారలేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. మిద్దెపై మన్ను ఏటేటా పెరుగుతుంది. దానిని మోసే కంబం మాత్రం చెదల వల్ల, తేమ వల్ల ఏటేటా తరుగుతుంది. 2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కురిసిన కుంభవృష్టికి రాయచూరు, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో మట్టి ఇళ్లు పెద్ద సంఖ్యలో కూలాయి. గోడ నానడం ఒక కారణమైతే, నానిన కప్పు బరువు మరొకటి. అయినా కొత్తగా అంకణం వేసేటప్పుడో, పాడైన కంబం మార్చేటప్పుడో నాలుగంగుళాలదా, ఆరంగుళాలదా అన్న ప్రశ్నకు చాలా ఇళ్లలో జవాబు చెప్పేది ధర ఒక్కటే.

లెక్క కష్టమైనది కాదు. ఒక కంబంపై పడే బరువు దాని చుట్టూ ఉన్న అంకణపు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. కంబాల మధ్య ఒక దిక్కున 8 అడుగులు, మరొక దిక్కున 6 అడుగులు ఎడం ఉంటే, నడిమి కంబం 48 చదరపు అడుగుల కప్పును మోస్తుంది. గోడ వారగా ఉన్నది దాదాపు అందులో సగం మోస్తుంది. దిమ్మిస చేసిన పొడి మన్ను ఘనపుటడుగుకు సుమారు 45 కిలోలు తూగుతుంది. నీరు పీల్చుకుంటే అదే 55 కిలోలకు చేరుతుంది. అడుగు మందం మన్ను నానితే ఆ కంబం వాటా 2,640 కిలోలు. జంతెలు, పరచిన కట్టె మరో రెండు మూడు వందల కిలోలు. మిద్దెపైకి మనుషులు ఎక్కుతారు, జొన్నలు ఆరబోస్తారు, వేసవిలో పడుకుంటారు. ఇలాంటి కప్పుకు భారతీయ ప్రమాణాలు చదరపు మీటరుకు 150 కిలోలు లెక్కలోకి తీసుకోమంటాయి, అది దాదాపు 670 కిలోలవుతుంది. మొత్తం మూడున్నర టన్నులు. క్వింటాలు సంచులు పది ఒకచోట పేర్చితే ఇంకొక టన్ను కలుస్తుంది. పాత మన్ను తీయకుండా ఏళ్ల తరబడి పోసిన పొరలు అరడుగు చేరితే, నానినప్పుడు మరో 1,300 కిలోలు ఎక్కినట్లే.

కర్రను నిలువునా నలగగొట్టడం సులభం కాదు. సన్నని కంబం నడుము దగ్గర విల్లులా వంగి విరుగుతుంది. ఈ సూత్రాన్ని 18వ శతాబ్దంలోనే ఆయిలర్ అనే గణితవేత్త లెక్కగట్టాడు. దాని ప్రకారం సన్నని కంబం ఎత్తు రెండింతలైతే మోసే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. లావు రెండింతలైతే శక్తి పదహారింతలవుతుంది. లావులో అరంగుళం తేడాను చిన్నదిగా చూడకూడదన్న మాట దీని నుండే వస్తుంది.

మంచి టేకుతో నిటారుగా, లోపం లేకుండా చేసిన 4 అంగుళాల చదరపు కంబం 8 అడుగుల ఎత్తున లెక్క ప్రకారం సుమారు 5 టన్నులు భరిస్తుంది. అయితే మూడున్నర టన్నులకు అది చాలదా అని అడగవచ్చు. చాలేది, కంబం కలకాలం నాలుగంగుళాలుగానే ఉండి ఉంటే. నలువైపులా అరంగుళం చొప్పున చెద తింటే మిగిలేది 3 అంగుళాలు. శక్తి మూడో వంతుకన్నా తగ్గి టన్నున్నర దగ్గరికి వస్తుంది. ఇల్లు నిలిచి ఉంటే అది అదృష్టమే. అదే 6 అంగుళాల కంబాన్ని అంతే మేర చెద తింటే 5 అంగుళాలు మిగులుతుంది, అది ఇంకా 10 టన్నులకు తగ్గదు. వేప, తుమ్మ వంటి నాటు కర్రకు టేకు లెక్క పూర్తిగా వర్తించదు గనుక ఈ మిగులు మరింత అవసరం. అడుగు మందం మన్ను, 8 అడుగుల ఎత్తు, పైన చెప్పిన అంకణం ఉన్నచోట 6 అంగుళాలకు తక్కువ వేయకపోవడమే క్షేమం. అంకణం 10 అడుగులకు పెంచాలనుకుంటే కంబాన్ని లావు చేయడంకన్నా మధ్యలో మరొకటి నిలపడం మేలు, లేకుంటే దూలం కుంగుతుంది. రేకుల వసారాకు 4 అంగుళాలు సరిపోతుంది. అక్కడ భయం బరువు కాదు, గాలికి రేకు లేచిపోవడం.

గుండ్రటి మొద్దు వాడేవారు మరొక విషయం గమనించాలి. 6 అంగుళాల చదరపు కంబానికి సాటి రావాలంటే మొద్దు వ్యాసం దాదాపు 7 అంగుళాలు ఉండాలి. దారం చుట్టి కొలిస్తే చుట్టుకొలత 22 అంగుళాలు రావాలి, అదీ సన్నని కొన దగ్గర. బెరడును, చేవలేని పై పొరను లెక్కలో చేర్చకూడదు, చెదకు మొదటి ఆహారం అదే. రాయచూరు పల్లెలలో ఊరికే దొరికే బళ్లారి జాలి, అంటే సర్కారు తుమ్మ, పొయ్యికి మంచిదే గాని అంత పొడవున వంకర లేని మొద్దు దానిలో దొరకడం అరుదు. వంకర కంబం మొదటి రోజునుండే సగం వంగినట్టు లెక్క. పడగొట్టిన పాత ఇళ్ల కంబాలు కొనడంలో తప్పు లేదు, అవి ఎండి గట్టిపడి ఉంటాయి. కాని నడిమి ఎత్తులో పాత తొలుపు రంధ్రం ఉన్నదాన్ని విడిచిపెట్టాలి. వంగేది అక్కడే.

కంబం తలపై దూలం నేరుగా కూర్చుంటే 4 అంగుళాల కంబంలో ప్రతి చదరపు అంగుళంపై 220 కిలోల ఒత్తిడి పడుతుంది. కర్రకు పోగు వెంబడి ఉన్నంత బలం అడ్డంగా ఉండదు గనుక దూలమే నలుగుతుంది. పెద్దలు మధ్యలో బోదిగ పెట్టింది అలంకారానికి మాత్రమే కాదు. ఇక కాలి దగ్గర, కంబాన్ని భూమిలో పాతడంకన్నా జానెడు ఎత్తు రాతి దిమ్మెపై నిలపాలి. కొట్టంలో పశువుల మూత్రం, ఇంట్లో అలుకు నీరు కర్రను తాకకూడదు.

దిమ్మెపై ఊరకే నిలిచిన కంబానికి పక్కకు తోసే బలం ప్రమాదకరం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి పరిసరాలలో భూకంపం వచ్చినప్పుడు రాతి గోడలు, మట్టి కప్పుల కింద వేలాది మంది మరణించారు. కంబానికీ దూలానికీ మధ్య మూలల్లో ఏటవాలు కర్రలు బిగించడం, కప్పు మన్ను మందం తగ్గించడం ఆ తరువాతి మరమ్మతు సూచనలలో ముఖ్యమైనవి. ఈ రెండింటికీ కొత్త కంబానికయ్యేంత ఖర్చు కాదు.

ఉన్న ఇంటిని పరీక్షించడానికి ఒక మేకు, ఒక దారం, చిన్న రాయి చాలు. దిమ్మెకు పైన జానెడు మేర మేకుతో పొడిచి చూడాలి. అంగుళం దిగబడితే ఆ లోతును లావులోనుండి తీసివేసి పై లెక్క మళ్లీ వేయాలి. దారానికి రాయి కట్టి కంబం పక్కన వేలాడదీస్తే వాలు తెలుస్తుంది. తలుపు ఉన్నట్టుండి బిగియడం, కప్పునుండి మన్ను రాలడం, దూలం దగ్గర కొత్త పగులు కనబడడం మంచి సూచనలు కావు. వానలో ఇవి కనిపిస్తే ఆ అంకణంలో రాత్రి ఎవరినీ పడుకోనీయకూడదు. కంబం మార్చే పని ఎండాకాలంలోనే చేపట్టాలి. ముందు పైనున్న మన్ను తగ్గించి, దూలానికి ఇరువైపులా ఊతలు నిలిపి, ఆ ఊతల కింద వెడల్పాటి పలకలు వేసిన తరువాతనే పాత కంబాన్ని కదపాలి.