సంచరించే రక్తపు గడ్డలు

రక్తం నాళాలలో ఉన్నంతసేపు ద్రవంగా ప్రవహించాలి. గాయమైన చోట వెంటనే గడ్డకట్టాలి. ఈ రెండు ధర్మాల నడుమ ఉండే సమతూకం ఏ గాయమూ లేకుండానే చెదిరిపోతే, దానికి కారణం అరుదుగా శరీరంలో ఎక్కడో దాగివున్న క్యాన్సరు కావచ్చును.

ఈ సంబంధాన్ని 1865లో పారిస్‌లోని ఓటెల్ ద్యూ ఆసుపత్రి వైద్యుడు ఆర్మాఁ ట్రూసో వివరించాడు. చర్మం కిందనే ఉండే సిర ఎర్రబడి, తాడులా గట్టిపడి, ముట్టుకుంటే నొప్పి పెడుతుంది. కొద్ది రోజులకు అక్కడ తగ్గి, మరో కాలిలోనో, చేతిలోనో, రొమ్ముమీదనో తలెత్తుతుంది. ఇలా చోటు మారడమే దీని ప్రత్యేకత. 1867 జనవరిలో ట్రూసో తన చేతి సిరలోనే ఈ లక్షణాన్ని గుర్తించి, తనకిక ఆశ లేదని శిష్యునితో చెప్పాడు. ఆ సంవత్సరం జూన్‌లోనే జీర్ణాశయ క్యాన్సరుతో మరణించాడు.

గడ్డకట్టే ప్రక్రియకు నాంది పలికేది టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్. ఇది సాధారణంగా రక్తనాళపు లోపొరకు వెలుపలనున్న కణాలలో ఉంటుంది కనుక రక్తానికి తగలదు. నాళం తెగినప్పుడు తగిలి, ఒక ఎంజైమ్ మరొక ఎంజైమును ఉత్తేజపరచగా, చివరకు త్రాంబిన్ పుడుతుంది. అది రక్తంలో కరిగివున్న ఫైబ్రినోజెన్‌ను కరగని ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. కొన్ని క్యాన్సరు కణాలు ఈ ప్రోటీన్‌ను తమ ఉపరితలంమీదనే ధరిస్తాయి. దానిని మోసే సూక్ష్మరేణువులను రక్తంలోకి విడుస్తాయి. క్లోమం, ఊపిరితిత్తులు, జీర్ణాశయాలలో పుట్టే కొన్ని క్యాన్సర్లు స్రవించే మ్యూసిన్లు ప్లేట్‌లెట్లను గుమికూడేటట్లు కూడా చేస్తాయి.

విటమిన్ కె చర్యను అడ్డగించే వార్ఫరిన్ ఇక్కడ తరచు విఫలమవుతుంది. పందుల పేగుల లోపొర నుండి తీసే హెపారిన్ మాత్రం త్రాంబిన్‌ను అణచే సహజ ప్రోటీన్‌కు బలమిస్తుంది. మ్యూసిన్ల పనికి కూడా కొంత అడ్డు తగులుతుంది. అయినా మూలమైన క్యాన్సరుకు చికిత్స జరగనంతవరకు, మందు ఆపగానే గడ్డలు తిరిగి రావచ్చును.

సిరలో గడ్డ కట్టినవారందరికీ క్యాన్సరు ఉన్నట్లు కాదు. శస్త్రచికిత్స, మంచం పట్టి ఉండడం, గర్భం, సుదీర్ఘ విమానప్రయాణం వంటివి తెలిసిన కారణాలే. అయితే చోటు మారుతూ, మందు వాడుతున్నా మళ్లీ మళ్లీ వచ్చే గడ్డను స్వదేశానికి వెళ్లివచ్చిన ప్రయాణపు బడలికగా సరిపెట్టుకోరాదు. ఒక్కొక్కప్పుడు క్యాన్సరు బయటపడడానికి నెలల ముందే సిరలు ఈ హెచ్చరిక చేస్తాయి. వైద్యునికి చెప్పవలసింది నేటి నొప్పి ఒక్కటే కాదు. అంతకుముందు ఎప్పుడు, ఎక్కడ వచ్చి తగ్గిందో కూడా. విడివిడిగా చిన్నవిగా తోచే ఆ సంగతులను కలిపి చూసినప్పుడే ట్రూసో లక్షణం బయటపడుతుంది.