బ్రాడ్‌వే పాదచారుల ప్రాంగణాలు

బ్రాడ్‌వే పాదచారుల ప్రాంగణాలు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ నగరంలో, మన్‌హట్టన్ నడిబొడ్డున గల బ్రాడ్‌వే రహదారిపై వాహనాలను తొలగించి ప్రజలు నడవడానికి, కూర్చోవడానికి కేటాయించిన స్థలాలు. వీటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది 42వ వీధి నుండి 47వ వీధి వరకు ఉన్న టైమ్స్ స్క్వేర్. రెండవది 33వ వీధి నుండి 35వ వీధి వరకు ఉన్న హెరాల్డ్ స్క్వేర్. 2009 మే 24న ప్రయోగంగా మొదలైన ఈ మార్పును 2010 ఫిబ్రవరిలో శాశ్వతం చేశారు. రద్దీ పెరిగితే రోడ్డును వెడల్పు చేయాలి అన్నది అందరికీ తెలిసిన సూత్రం. ఇక్కడ రోడ్డులో కొంత భాగాన్ని మూసివేశారు. మూసిన తరువాత పాదచారులకు గాయాలు తగ్గాయి, వాహనాల ప్రయాణం కూడా మొత్తం మీద దెబ్బతినలేదు. అది ఎలా సాధ్యమైనదో తెలియాలంటే ముందుగా ఆ రహదారి ఆకారాన్ని అర్థం చేసుకోవాలి.

ఐమూల రహదారి

మన్‌హట్టన్ పటం చదరంగపు బల్లను పోలి ఉంటుంది. 1811లో ఆమోదించిన ప్రణాళిక ప్రకారం పొడుగునా సాగే పెద్ద దారులను అవెన్యూలని, వాటిని అడ్డంగా ఖండించే దారులను వీధులని పిలుస్తారు. బ్రాడ్‌వే ఈ ప్రణాళిక కంటే పాతది. డచ్చివారు రాక పూర్వం స్థానిక ఆదివాసులు నడిచిన కాలిదారి దీనికి మూలం. అందువలన ఇది గళ్ళకు లొంగక, ద్వీపం మీదుగా ఐమూలగా సాగిపోతుంది.

ఐమూలగా పోయే దారి నిలువు దారులను ఒక్కొక్కటిగా దాటవలసి వస్తుంది. దాటిన ప్రతిచోటా ఒక ఖాళీ స్థలం ఏర్పడింది. ఐదవ అవెన్యూను దాటేచోట మాడిసన్ స్క్వేర్, ఆరవ అవెన్యూను దాటేచోట హెరాల్డ్ స్క్వేర్, ఏడవ అవెన్యూను దాటేచోట టైమ్స్ స్క్వేర్, ఎనిమిదవ అవెన్యూను దాటేచోట కొలంబస్ సర్కిల్ ఉన్నాయి. టైమ్స్ స్క్వేర్ పేరుకు చతురస్రమే గాని, ఆకారానికి మన డమరుకం వంటిది. రెండు త్రికోణాల కొనలు 45వ వీధి దగ్గర కలుసుకుంటాయి.

ఈ స్థలాన్ని పూర్వం లాంగేకర్ స్క్వేర్ అనేవారు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన కార్యాలయాన్ని ఇక్కడికి మార్చినందున 1904లో ఇప్పటి పేరు వచ్చినది. 1907 డిసెంబరు 31 రాత్రి మొదలైన కొత్త సంవత్సరపు గోళం దించే వేడుక వలన, చుట్టుపక్కల నాటకశాలల వలన, రాత్రింబవళ్ళు వెలిగే ప్రకటనల వలన ఇది ప్రపంచ ప్రసిద్ధి పొందినది.

మార్పుకు ముందు పరిస్థితి

2000 దశకంలో ఈ కూడలికి రోజుకు సుమారు మూడున్నర లక్షల మంది కాలినడకన వచ్చేవారు. ఇక్కడ ఉండే మనుషులలో పదింట తొమ్మిది వంతులు పాదచారులే. స్థలం మాత్రం తలక్రిందులుగా ఉండేది. పదింట తొమ్మిది వంతులు వాహనాలకు, మిగిలిన ఒక్క వంతు కాలిబాటలకు. కాలిబాట పట్టక జనం రోడ్డు మీదికి దిగి, కదిలే టాక్సీల ప్రక్కనే నడిచేవారు. రోడ్డు సన్నగా ఉన్నందున వచ్చిన ఇబ్బంది కాదు ఇది. వెడల్పు కావలసినంత ఉన్నది, పంపకంలోనే లోపం.

మేయరు మైకేల్ బ్లూంబర్గ్ హయాంలో 2007లో రవాణా శాఖ కమిషనరుగా వచ్చిన జనెట్ సాదిక్‌ఖాన్ ఈ పంపకాన్ని మార్చడానికి పూనుకున్నారు. డెన్మార్క్‌కు చెందిన నగర రూపశిల్పి యాన్ గెల్ సలహాలను నగరం తీసుకున్నది. ఆయన నగరమైన కోపెన్‌హాగన్‌లో స్ట్రోయె అనే వీధిని 1962లోనే పాదచారులకు అప్పగించారు. ఎక్కడ ఎందరు నడుస్తున్నారు, ఎందరు ఆగి కూర్చుంటున్నారు అని మనుషులను లెక్కపెట్టడం గెల్ పద్ధతి. వాహనాలను లెక్కించడం అన్ని నగరాలలోనూ ఎప్పటి నుండో ఉన్నది. నడిచేవారిని అదే శ్రద్ధతో లెక్కించే అలవాటు మాత్రం, ఆశ్చర్యమే అయినా, చాలా ఆలస్యంగా వచ్చినది.

2008లో తొలి అడుగుగా 42వ వీధికి, 35వ వీధికి మధ్య బ్రాడ్‌వేలో సగం వరుసలను తీసివేసి సైకిళ్ళ దారి, కుర్చీలు, పూలకుండీలు ఏర్పాటు చేశారు.

మూడు ప్రవాహాల చిక్కు

రోడ్డు మూస్తే రద్దీ పెరగాలి కదా అనే సందేహం సహజం. దీనికి సమాధానం సిగ్నల్ దీపాల లెక్కలో ఉన్నది.

మామూలు కూడలిలో రెండు ప్రవాహాలు వంతులవారీగా కదులుతాయి. సులభంగా అర్థం కావడానికి సిగ్నల్ చక్రం 90 సెకన్లు అనుకుందాము. ఒక్కొక్క దారికి సుమారు 45 సెకన్లు పచ్చదీపం దొరుకుతుంది. అదే కూడలిలోకి ఐమూలగా మూడవ దారి వచ్చి చేరితే, అదే 90 సెకన్లను ముగ్గురికి పంచాలి. ఒక్కొక్కరికి 30 సెకన్లే మిగులుతాయి. పైగా వంతు మారిన ప్రతిసారీ పసుపుదీపం కోసం, కూడలి ఖాళీ కావడం కోసం కొన్ని సెకన్లు వృథా అవుతాయి. ఇద్దరికైతే ఈ వృథా రెండుసార్లు, ముగ్గురికైతే మూడుసార్లు. ఉన్నది ఒక్కటే వీధికుళాయి అయినప్పుడు, మూడవ వరుస పెట్టినంత మాత్రాన నీళ్ళు ఎక్కువ రావు గదా.

కాబట్టి బ్రాడ్‌వే అనే మూడవ దారి కొత్త సామర్థ్యాన్ని కలుపుటకు బదులు, తాను దాటే ప్రతి అవెన్యూ సమయాన్ని తినివేస్తూ ఉండేది. ఐమూల కూడలిలో రోడ్డు దాటవలసిన దూరం కూడా పెరుగుతుంది. వాహనం ఏ దిక్కు నుండి వస్తుందో పాదచారికి తెలియడం కష్టం. అంటే ఆలస్యానికీ, ప్రమాదాలకూ మూలం ఒక్కటే. ఆ రెండు కూడళ్ళ దగ్గర బ్రాడ్‌వేను ఆపివేస్తే ఆరవ, ఏడవ అవెన్యూలకు పచ్చదీపం సమయం పెరుగుతుందని ఇంజనీర్లు లెక్కవేశారు. తూర్పు పడమరల వీధులు యథాప్రకారం ప్రాంగణాల మధ్యగా వాహనాలతో సాగుతాయి. వాటిని మూసివేయలేదు. ఏ రోడ్డును మూసినా రద్దీ తగ్గుతుందని దీని అర్థం కాదు. గళ్ళ ప్రణాళికలో అదనంగా పడిన ఐమూల దారికే ఈ లెక్క వర్తిస్తుంది.

376 కుర్చీలు

2009 ఫిబ్రవరిలో పథకాన్ని ప్రకటించారు, మే 24న రోడ్డును మూశారు. శాశ్వత నిర్మాణం ఏదీ చేపట్టలేదు. పెద్ద పీపాలు అడ్డుపెట్టి, గీతలు గీసి, సిగ్నళ్ళ సమయాలు మార్చారు. కూర్చోవడానికి కావలసిన సామగ్రి సమయానికి అందకపోవడంతో, స్థానిక వ్యాపారుల సంస్థ టైమ్స్ స్క్వేర్ అలయన్స్ ఒక్కొక్కటి 10.74 డాలర్ల చొప్పున 376 చవక మడతకుర్చీలు కొని రోడ్డు మీద వేసినది. నిన్నటి వరకు టాక్సీలు పరుగెత్తిన చోట జనం కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ఆ రంగురంగుల కుర్చీలు అందంగా లేవని పత్రికలలో విమర్శలు వచ్చాయి. వాదన రోడ్డు మూయడం మీది నుండి కుర్చీల రూపం మీదికి మళ్ళడం పథకానికి మేలే చేసినదని చెప్పవచ్చు. మరుసటి సంవత్సరం మోలీ డిల్‌వర్త్ అనే చిత్రకారిణి రూపకల్పనతో రోడ్డు ఉపరితలం మీద నీలిరంగు అలల చిత్రం వేశారు.

ప్రయోగం విఫలమైతే పీపాలు తొలగించి మరునాడే పాత స్థితికి వెళ్ళే వీలు ఉండడం ఈ పద్ధతిలోని ముఖ్య లక్షణం. రవాణా శాఖకు కూడా కాగితం మీది అంచనాలకు బదులుగా నిజమైన కొలతలు లభించాయి.

ఫలితాలు

టాక్సీలలో అమర్చిన ఉపగ్రహ స్థాననిర్ణయ పరికరాల సమాచారంతో లక్షల ప్రయాణాలను పరిశీలించి 2010 జనవరిలో నగరం నివేదిక వెలువరించినది. ఆ ప్రాంతంలో పాదచారులకు కలిగే గాయాలు 35 శాతం, వాహనాలలో ఉన్నవారికి కలిగే గాయాలు 63 శాతం తగ్గాయి. టైమ్స్ స్క్వేర్‌లో రోడ్డు మీదికి దిగి నడిచేవారి సంఖ్య 80 శాతం తగ్గినది. నడిచేవారి మొత్తం సంఖ్య మాత్రం 11 శాతం పెరిగినది.

వాహనాల విషయంలో ఫలితం మిశ్రమం. పశ్చిమ మిడ్‌టౌన్‌లో ఉత్తర దిశగా వెళ్ళే టాక్సీల వేగం 17 శాతం పెరిగినది, దక్షిణ దిశగా వెళ్ళేవాటి వేగం 2 శాతం తగ్గినది. మార్పు లేని తూర్పు భాగంలో కూడా ఉత్తర దిశ వేగం అదే కాలంలో 8 శాతం పెరిగినందున, 17 శాతాన్నీ ఈ పథకానికే ఆపాదించరాదు. ఏడవ అవెన్యూ మీద ముందుగా ఆశించిన మెరుగుదల రాలేదు. పథకాన్ని రద్దీ నివారణ పేరుతో ప్రకటించి, తరువాత భద్రతను చూపించి సమర్థించుకున్నారని విమర్శకులు అన్నారు. ఈ విమర్శలో కొంత నిజం ఉన్నది. అయితే గాయాల లెక్కను ప్రయాణపు నిమిషాల లెక్కతో ఒకే తక్కెడలో తూచడం సరికాదు.

గాలి నాణ్యతలో కూడా మార్పు కనిపించినది. వాహనాల పొగలో ఉండే నైట్రిక్ ఆక్సైడ్ 63 శాతం, నైట్రోజన్ డయాక్సైడ్ 41 శాతం తగ్గినట్లు నగర ఆరోగ్య శాఖ కొలతలు తెలిపాయి. దుకాణాల అద్దెలు బాగా పెరిగాయి. స్థల యజమానులకు ఇది శుభవార్తే, చిన్న దుకాణదారులకు మాత్రం కాదు.

శాశ్వత నిర్మాణం

తుది రూపకల్పనను నార్వేలో పుట్టిన స్నోహెట్టా అనే వాస్తుశిల్ప సంస్థకు అప్పగించారు. పని అంచెలంచెలుగా సాగి 2016 చివరికి పూర్తయినది. 2017 ఏప్రిల్‌లో లాంఛనంగా ప్రారంభించారు. వ్యయం సుమారు 5.5 కోట్ల డాలర్లు, విస్తీర్ణం సుమారు రెండున్నర ఎకరాలు.

రూపకల్పనలో ఆర్భాటం తక్కువ. పాత కాలిబాట అంచులను తొలగించి నేలనంతా ఒకే మట్టానికి తెచ్చారు. అందువలన చక్రాల కుర్చీలో వచ్చేవారికి, పిల్లల బండ్లు తోసుకువచ్చేవారికి మెట్టు అడ్డం లేదు. ముదురు రంగు కాంక్రీటు పలకలు పరచి, వాటిలో చిన్న నాణెమంత ఉక్కు బిళ్ళలు పొదిగారు. పైనున్న ప్రకటనల వెలుగు వాటి మీద తళుక్కుమంటుంది. పది పొడవైన నల్లరాతి అరుగులను వేశారు, వాటిలో కొన్ని 50 అడుగుల పొడవు. సభలు, ప్రదర్శనలు జరిగినప్పుడు జనరేటర్లు తేనవసరం లేకుండా ఆ అరుగులలోనే విద్యుత్తు సదుపాయం కల్పించారు. ఈ అరుగులు జనప్రవాహాన్ని కూడా విభజిస్తాయి. త్వరగా పోయేవారు అంచుల వెంట సాగిపోతారు, ఆగి చూసేవారు మధ్యలో నిలుస్తారు. దశాబ్దాల తరబడి తవ్వని ఆ రోడ్డు క్రింద పాత గొట్టాలు, తీగలు చిక్కుపడి ఉన్నందున, పైకి కనిపించే పని కంటే నేల క్రింది పనికే ఎక్కువ శ్రమ పట్టినది.

వేషధారుల వివాదం

ఖాళీ స్థలం దొరికితే అందులోకి ఎవరు వస్తారన్నది మరొక సమస్య. బొమ్మల సినిమాల పాత్రల వేషాలు కట్టి, పర్యాటకులతో ఫోటోలు దిగి డబ్బు అడిగేవారు మన పగటివేషగాళ్ళ వలె ఇక్కడ పెరిగిపోయారు. శరీరానికి రంగులు పూసుకుని దాదాపు నగ్నంగా తిరిగే స్త్రీలు కూడా వారితో చేరారు. బలవంతంగా డబ్బు అడుగుతున్నారన్న ఫిర్యాదులు ఎక్కువై, 2015 ఆగస్టులో మేయరు బిల్ డి బ్లాసియో ప్రాంగణాలను తొలగించి మళ్ళీ రోడ్డు వేసే విషయాన్ని పరిశీలిస్తామన్నారు. ఆరు సంవత్సరాలలో అలవాటుపడిన పౌరుల నుండి, ఒకనాడు సందేహించిన వ్యాపారుల నుండి కూడా దీనికి వ్యతిరేకత వచ్చినది. చివరకు ప్రాంగణాలను ఉంచి, 2016లో నగర మండలి నిబంధనలు చేసినది. దాని ప్రకారం రంగు వేసి గుర్తించిన చోట్లలో మాత్రమే వేషధారులు డబ్బు తీసుకోవాలి, మిగిలిన భాగం నడకకు వదలాలి.

భద్రత

2017 మే 18న ఒక వ్యక్తి కారును ఏడవ అవెన్యూ కాలిబాట మీదికి ఎక్కించి మూడు వీధుల దూరం నడిపాడు. ఒక యువతి మరణించినది, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. ప్రాంగణపు అంచున పాతిన ఉక్కు స్తంభాలకు ఢీకొని కారు ఆగిపోయినది. ఆ స్తంభాలు లేనిచోట జనం ఎంత నిస్సహాయులో ఈ సంఘటన వలన తేటతెల్లమైనది. తరువాత నగరమంతటా రద్దీ స్థలాలలో మరిన్ని స్తంభాలు నాటుతామని 2018 జనవరిలో ప్రకటించారు.

భారతదేశంలో ఇటువంటివి

ఢిల్లీలోని చాందినీ చౌక్‌ను పునర్నిర్మించి 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. అక్కడ పగటి వేళ మోటారు వాహనాలను నిషేధించారు. చెన్నైలోని పాండీ బజారు పాదచారుల ప్రాంగణం 2019 నవంబరు 13న ప్రారంభమైనది. అక్కడ వాహనాలను పూర్తిగా తొలగించలేదు. వాహనాల దారిని కుదించి, కాలిబాటలను బాగా వెడల్పు చేశారు. ఈ బజారు ఉన్న త్యాగరాయ రోడ్డుకు తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు, దాని చివరనున్న పానగల్ పార్కుకు మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా పనిచేసిన పానగల్ రాజా పేరు పెట్టారు.