ఒకే చెట్టు, రెండు రుచులు

తెలుగువారి ఈతచెట్టు, బెంగాలీల ఖెజుర్ చెట్టు ఒక్కటే. కాని ఒకరికి అది కల్లు, మరొకరికి తేనెవంటి రసం. ఈ తేడా ఎక్కడిది?

ద్రాక్షాసవం రుచి తెలిసినవారు మొదట అడిగే ప్రశ్న, “ఇది ఏ సంవత్సరానిది?” అని. కల్లు రుచి తెలిసినవారు అడిగేది, “ఎన్ని గంటలకు దించినది?” అని. ఫ్రాన్సు దేశంలోని బోర్డో ప్రాంతపు ద్రాక్షాసవాలను 1855లోనే తరగతులుగా విభజించి పట్టిక రాశారు. ఆ పానీయం సీసాలో చేరి, సముద్రాలు దాటి, ఏళ్ళు గడిచేకొద్దీ పరిపక్వమవుతుంది. మన చెట్టునీరు అట్లా కాదు. అది తెల్లవారుజామున శిశువు, మధ్యాహ్నానికి యౌవనంలో ఉంటుంది, సాయంకాలానికి ముదిరిపోతుంది, మర్నాటికి పులిసి వినిగరు అవుతుంది. అది ప్రయాణం చేయలేదు. దాని రుచి తెలియాలంటే మనమే ప్రయాణం చేసి దాని దగ్గరకు వెళ్ళాలి.

మన ఊళ్ళలో ‘వైన్ షాపు’ అని బోర్డు కట్టిన చోట ద్రాక్షాసవం తప్ప తక్కినవన్నీ ఎక్కువగా అమ్ముడవుతాయి. ద్రాక్షాసవాన్ని వర్ణించడానికి ఐరోపావారు ఒక శాస్త్రాన్నే కల్పించుకున్నారు. రంగు చూడాలి, వాసన పీల్చాలి, గుక్కను నాలుకపై నిలపాలి, మింగిన తరువాత ఏమి మిగిలినదో గమనించాలి. ఈ నాలుగు మెట్లూ ఈతచెట్టు కింద నిలబడి కూడా ఎక్కవచ్చు. అయితే ఆ చెట్టుకు ఒకే రుచి లేదని తెలియాలంటే, దానిని రెండు దేశాచారాలు కలిసిన చోట చూడాలి. అట్టి చోటు పశ్చిమ బెంగాలులోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్.

రైలుపట్టాల వెంట వచ్చిన పరిచయం

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ మేదినీపూర్ జిల్లాలోని ఎర్రమట్టి నేలపై ఖరగ్‌పూర్ జంక్షనును, దాని పక్కనే పెద్ద కార్ఖానాను నెలకొల్పింది. ఇటు కలకత్తా, అటు నాగపూర్, దక్షిణాన కటకం మీదుగా వాల్తేరు: మూడు దిక్కుల పట్టాలు అక్కడ కలిశాయి. కార్ఖానాకు పనివారు కావలసివచ్చినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగువారు వేలాదిగా తరలివెళ్ళారు. మథురాకాటి, నింపురా వంటి పేటలలో తరతరాలుగా తెలుగు వినిపిస్తున్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగు భాషకు రాష్ట్రంలో గుర్తింపునిస్తూ నిర్ణయం తీసుకోవడానికి ఈ పట్టణపు తెలుగువారే ముఖ్యకారణం.

ఖరగ్‌పూర్ స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా అది చాలాకాలం పేరు మోసింది; 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. అయినా పలాస, ఇచ్ఛాపురం దాటి వచ్చే ప్రయాణికుడికి ఆ ప్లాట్‌ఫారం కంటె పొడవైనది మరొకటి కిటికీలో కనిపిస్తుంది. అది చెట్ల వరుస. చెరువు గట్లమీద, పొలాల సరిహద్దుల్లో నిలిచిన ఈతచెట్లు ఆంధ్రదేశపు పొలిమేర దాటినా ఆగవు. ఒడిశాను దాటి బెంగాలులోకి వస్తాయి. మారేది పేరు మాత్రమే. వృక్షశాస్త్రంలో ‘ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్’ అని పిలిచే ఈ చెట్టు మనకు ఈత, బెంగాలీకి ఖెజుర్. అరబ్బు దేశాల ఖర్జూరానికి ఇది దగ్గర చుట్టం.

కుండలో ఉన్న రహస్యం

తాటిచెట్టుకు గెల కోసి కల్లు తీస్తారు. ఈతచెట్టుకు అట్లా కాదు. మొవ్వు కింద కాండాన్నే చెక్కి, ఆ గాటునుండి కారే నీటిని కుండలో పడతారు. ఏటేటా గాటును ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క పెట్టడం చేత ముదురు చెట్టు మెట్లు మెట్లుగా వంకరలు తిరుగుతుంది. ఎన్నేళ్ళుగా గీస్తున్నారో ఆ మెట్లను లెక్కపెట్టి చెప్పవచ్చును.

ఇంతవరకు తెలుగు గీతకార్మికుడికీ, బెంగాలీ ‘శియులి’కీ పెద్ద భేదం లేదు. భేదమంతా కుండలో ఉన్నది. మన లొట్టిలో నిన్నటి కల్లు తడి మిగిలి ఉంటుంది. ఆ తడిలో ఈస్టు అనబడే సూక్ష్మజీవులు ఉంటాయి. చెట్టునుండి కొత్త నీరు బొట్టుబొట్టుగా పడుతుండగానే అవి అందులోని చక్కెరను సారాయిగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చడం ప్రారంభిస్తాయి. అందుకే లొట్టి దించే వేళకే పైన నురుగు కడుతుంది.

శియులి చేసే పని దీనికి సరిగా ఎదురు. అతడు కుండను కడిగి, ఎండబెట్టి, లోపలికి పొగ పట్టిస్తాడు. కార్తిక మార్గశిరాల్లో చలి తిరిగిన తరువాతనే చెట్టు గీయడం మొదలుపెడతాడు. పొద్దు గుంకే వేళ కుండ కట్టి, సూర్యోదయానికి ముందే దించుతాడు. చలి సూక్ష్మజీవులను మందగింపజేస్తుంది, పొగ వాటిని చంపుతుంది. అందువల్ల తెల్లవారే సరికి కుండలో మిగిలేది చెట్టు ఇచ్చిన తీపి మాత్రమే. పైగా అతడు చెట్టుకు విశ్రాంతి ఇస్తాడు. కొన్నాళ్ళు ఊరుకుని మళ్ళీ గీసినప్పుడు మొదటి రాత్రి దిగే రసాన్ని ‘జిరేన్’ అంటారు. విశ్రాంతి తీసుకున్నదని అర్థం. అదే అన్నిటికంటె శ్రేష్ఠం. తరువాతి రాత్రుల రసం క్రమంగా పలచబడి, రుచి తగ్గుతుంది.

బెంగాలులో ఈతకల్లు తాగేవారు లేరనీ, తెలుగునాట తీపి నీరు తెలియదనీ అనుకోరాదు. అక్కడ ఎండ ఎక్కిన రసం ‘తాడీ’ అవుతుంది. ఇక్కడ కుండకు సున్నం పూసి పులియకుండా ఆపితే ‘నీరా’ అవుతుంది. 2023 మే నెలలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరాన నీరాకై ప్రత్యేకంగా ఒక కేఫ్ కూడా వెలసింది. కాని ఒక జాతి తన చెట్టునుండి ముఖ్యంగా ఏమి కోరుతుందన్నది వేరే విషయం. మనం మధ్యాహ్నాన్ని కోరాం. వారు ఉషఃకాలాన్ని కోరారు.

నాలుకకు తెలిసే తేడా

మొదట ఇంటి రుచులు. వేసవిలో తాటికల్లు పాలవలె తెల్లగా, చిక్కగా ఉంటుంది. తాటాకు దొప్పలో పోసినప్పుడు చిన్న చిన్న బుడగలు అంచుల వెంట లేస్తాయి. ముక్కుకు మొదట తగిలేది పులిసిన పిండి వాసన, దాని వెనుక పండిన తాటిపండు వాసన. నోటిలో తీపి ముందు వచ్చి, పులుపు వెంటనే అందుకుంటుంది. చివరకు నాలుక అంచున చిన్న చురుకు మిగులుతుంది. ఉప్పు వేసి వేయించిన శనగలు గాని, కారం దట్టించిన చేపముక్క గాని పక్కన ఉండాలని పెద్దలు ఊరకే అనలేదు. ఆ పులుపుకు ఉప్పూ కారమే సరిజోడు.

చలికాలపు ఈతకల్లు దానికంటె పలచన, తీపి కొంచెం ఎక్కువ. తాటికల్లులోని మోటుదనం ఇందులో లేదు. దించిన గంటలోపల తాగితే గొంతులో సాఫీగా దిగుతుంది. మూడు నాలుగు గంటలు గడిస్తే అదే పానీయం గరుకెక్కుతుంది. తెలంగాణ పల్లెలలో తాటికల్లు, ఈతకల్లు తాగేవారు వేరు వేరు పక్షాలుగా వాదించుకోవడం కద్దు. ఆ వాదం బోర్డో వాసుల వాదానికి ఏమాత్రం తీసిపోదు.

ఇక ప్రయాణపు రుచి. మేదినీపూర్ పల్లెలలో పౌషమాసపు మంచు ఇంకా విడవని వేళ, గాజుగ్లాసులో పోసిన ఖెజుర్ రసం దాదాపు నీటివలె తేటగా, అడుగున లేతతేనె ఛాయతో ఉంటుంది. నురుగు లేదు, బుడగ లేదు. వాసన చూస్తే ముందు మట్టికుండ, తరువాత సన్నని పొగ. గుక్క వేయగానే పళ్ళు జివ్వుమనేంత చల్లదనం. తరువాతనే తీపి తెలుస్తుంది. అది చెరకురసంలా నోటిని కప్పివేసే తీపి కాదు. వచ్చి, నిలిచి, వెళ్ళిపోతుంది. చివరకు అప్పుడే చెక్కిన పచ్చికర్ర వాసన ఒకటి అంగిట్లో మిగులుతుంది. ఈతకల్లు ఎరిగిన తెలుగువాడు ఆ చివరి వాసన దగ్గర తప్పక ఆగుతాడు. ఎందుకంటే పులుపూ చురుకూ తీసివేస్తే కల్లులోనూ మిగిలేది అదే. రెండు పానీయాలలోను చెట్టు తన సంతకం అక్కడే చేస్తుంది.

తాగగా మిగిలిన రసాన్ని వెడల్పాటి పెనాలలో మరిగిస్తారు. ఎనిమిది పది లీటర్లు మరిగితే ఒక కిలో బెల్లం వస్తుంది. అదే ‘నొలెన్ గుర్’. దాని వాసన కాలీ కాలని చక్కెరదీ, పొగదీ కలిసినట్లు ఉంటుంది. చలికాలమంతా బెంగాలీ మిఠాయి దుకాణాలలో సందేశ్ తెల్లరంగు విడిచి లేత ఇటుకరంగు ధరిస్తుంది. ఆ బెల్లంతో చేసే జయనగర్ మొవాకు 2015లోను, నొలెన్ గుర్ సందేశ్‌కు 2025లోను భౌగోళిక గుర్తింపు లభించాయి. రసం ప్రయాణం చేయలేకపోయినా, బెల్లమై రైలెక్కి ఖరగ్‌పూర్ నుండి విజయనగరందాకా వస్తుంది.

చేతి గుణం

బెంగాలీ రచయిత నరేంద్రనాథ్ మిత్ర ‘రస్’ అనే ప్రసిద్ధ కథ రాశారు. 1973లో అది ‘సౌదాగర్’ అనే హిందీ చలనచిత్రంగా వచ్చింది. నూతన్, అమితాబ్ బచ్చన్ నటించారు. రసం తీసే ఒకడు, బెల్లం వండడంలో నేర్పరి అయిన భార్యను విడిచి, పడుచుపిల్లను పెళ్ళాడతాడు. చెట్లు అవే, రసం అదే, కాని బెల్లం చెడుతుంది. బజారులో పేరు పోతుంది. రుచి ఎవరి చేతిలో ఉన్నదో అప్పుడు తెలుస్తుంది.

సముద్రాల ఆవల నైజీరియాలో కూడా ఇదే సత్యాన్ని మరొక విధంగా చెప్పారు. అమోస్ టుటువోలా 1952లో ప్రచురించిన ‘ది పామ్ వైన్ డ్రింకార్డ్’ నవలలో నాయకుడికి కల్లు గీసిచ్చే మనిషి చెట్టుమీదినుండి పడి చనిపోతాడు. మరెవరు గీసినా ఆ రుచి రాదు. చివరకు అతడిని వెదుక్కుంటూ నాయకుడు మృతుల పట్టణానికే బయలుదేరుతాడు. కథ అద్భుతమే గాని అందులోని ప్రమాదం నిజం. మోకు జారి, గీతకార్మికుడు చెట్టుమీదినుండి పడి మరణించడం, నడుము విరిగి మంచాన పడడం మన పల్లెలకు కొత్త కాదు. గ్లాసులోని తీపికి ఒక మనిషి ప్రాణం జామీనుగా ఉన్నదని రుచి చూసేవారు మరువరాదు.

నమ్మకం చెడితే

“తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు” అని మన సామెత. కల్లు రుచిని గురించి రాయడమే తగదని కొందరు అనవచ్చు. ఆ అభ్యంతరంలో బలం లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచి నిలిచినప్పుడు, తాగుడు ఎన్ని సంసారాలను కూల్చిందో దేశమంతటికీ తెలిసివచ్చింది. ఏ పులిసిన పానీయమైనా మితం తప్పితే శత్రువే. కాని రుచి చూడడం వేరు, మత్తుకోసం తాగడం వేరు. మత్తు కోరేవాడికి చెట్టుతో పని లేదు. అందుకే అతడికోసం చెట్టులేని కల్లు పుట్టింది. నీటిలో చక్కెర, మత్తు కలిగించే క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం వంటి మందులు కలిపి కల్లుగా అమ్మిన ఘటనలు ఎన్నో బయటపడ్డాయి. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు బలిగొన్నది. నిజమైన కల్లు రుచి నాలుకకు తెలిసి ఉండడం కూడా ఒక రక్షణే. చెట్టు వాసన లేని తెల్లని ద్రవం, పగలంతా ఉన్నా పులుపు మారని ద్రవం, అనుమానించదగినది.

బెంగాలు రసానికి వేరొక గండం ఉన్నది. పండ్లు తినే పెద్ద గబ్బిలాలు రాత్రివేళ కాండంపై కారే తీపిని నాకుతాయి. వాటి లాలాజలం ద్వారా నిపా వైరస్ రసంలో చేరే అవకాశం ఉన్నది. పశ్చిమ బెంగాలులో 2001లో సిలిగురిలోను, 2007లో నదియా జిల్లాలోను ఈ వ్యాధి ప్రాణాలు తీసింది. బంగ్లాదేశంలో పరిశోధకులు రాత్రి కెమెరాలు అమర్చి గబ్బిలాలు రసం తాగడం చూశారు. గాటునూ కుండనూ వెదురు తడికతో కప్పితే అవి దరిచేరలేవని కూడా నిరూపించారు. అందుచేత ఎవరు తీశారో, ఎట్లా కప్పారో తెలియని పచ్చిరసం ఎంత ఊరించినా తాగకూడదు. మరిగిన బెల్లానికి ఈ భయం లేదు.

ద్రాక్షతోట యజమాని సీసాపై తన పేరు అచ్చు వేసుకుంటాడు. లొట్టికి చీటీ ఉండదు. చెట్టెక్కే మనిషి ముఖమే దాని చీటీ. అతడు ఎన్ని చెట్లు గీస్తున్నాడో, ఏ వేళకు దించుతాడో, కుండను ఎట్లా ఉంచుతాడో ఊరివారికి తెలిసినంతకాలం ఆ పానీయం నమ్మదగినది. ఆ పరిచయం తెగిన చోటనే కల్తీ ప్రవేశించింది. ఇప్పుడు అటు బెంగాలులోను, ఇటు తెలుగునాటను చెట్టెక్కే కొడుకులు తగ్గిపోతున్నారు. ఇళ్ళ స్థలాలకోసం ఈతవనాలు నేలకొరుగుతున్నాయి. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారంలో ఈత, తాటి మొక్కలు కూడా నాటించారు. మొక్క చెట్టవడానికి ఏళ్ళు పడుతుంది; దానిని గీసే చెయ్యి తయారు కావడానికి కూడా అంతే.

కనుక మీ ఊరిలో గీతకార్మికుడు ఉంటే, అతడి చెట్టును, దించే వేళను తెలుసుకోండి. చలికాలంలో హౌరా మార్గాన వెళ్ళవలసివస్తే, ఖరగ్‌పూర్‌లో దిగి ఒక పలుకు నొలెన్ గుర్ నోట వేసుకోండి. ఆ తీపి కరిగిపోయాక అంగిట్లో మిగిలే వాసన మీకు కొత్త కాదు. మీ ఊరి చెరువుగట్టు మీది ఈతచెట్టు అక్కడ బెంగాలీలో మాట్లాడుతున్నది, అంతే.