చెరువు కట్ట ఎందుకు తెగుతుంది?

సిద్దిపేట జిల్లాలో కురిసిన వాన చాలావరకు కూడవెల్లి వంటి వాగుల్లో చేరి మానేరుకు, అక్కడి నుంచి గోదావరికి పోతుంది. ఆ పరుగును ఊరూరా నిలువరించేవి చెరువులు, కుంటలు. పట్టణంలోని కోమటి చెరువైనా, మారుమూల పల్లెలోని కుంటైనా నిర్మాణం ఒకటే. నీటిని ఆపే మట్టికట్ట, పొలాలకు వదిలే తూము, నిండాక మిగులు నీటిని పంపే మత్తడి. పేరుకు సాగునీటి వనరులే అయినా, వానకాలంలో ఇవి చిన్నపాటి వరద నియంత్రణ డ్యాములుగా పనిచేస్తాయి.

ఈ చెరువులు చాలాచోట్ల గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి చేరతాయి. ఒక్కో చెరువు కొంత నీటిని పట్టి ఉంచి, మిగతాది మెల్లగా వదులుతుంది కాబట్టి వరద ఉధృతి తగ్గుతుంది. అయితే గొలుసులో పై కట్ట తెగితే వాన నీటికి తోడు ఆ చెరువులోని నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. 1908 సెప్టెంబరులో హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరదలో ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. అందుకే ఒక చెరువు భద్రతను దాని కట్టను మాత్రమే చూసి తేల్చలేం. పైన ఎన్ని చెరువులున్నాయో, వాటి పరిస్థితి ఏమిటో కూడా చూడాలి.

నీరు కట్టను నెట్టే ఒత్తిడి చెరువు వైశాల్యాన్ని బట్టి కాక లోతును బట్టి ఉంటుంది. అయిదు మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీదా సుమారు అయిదు టన్నుల బరువు పడుతుంది. సరిగ్గా దిమ్మిస చేసిన మట్టికట్ట దాన్ని తేలిగ్గానే తట్టుకుంటుంది. అది తట్టుకోలేనిది తన మీదుగా పారే నీటిని. నీరు కట్ట పైనుంచి పొర్లితే వెనుక వాలు మట్టి కోసుకుపోతుంది, గంటల్లోనే గండి పడుతుంది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట ఇలాగే కొట్టుకుపోయింది. ఎగువన పింఛా ప్రాజెక్టు నుంచి వచ్చిన వరదను అన్నమయ్య గేట్లు పంపలేకపోయాయి. 2024 జులైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్టకూ గండి పడింది.

గేట్లు లేని ఊరి చెరువుకు మత్తడే రక్ష. 50 మీటర్ల పొడవున్న మత్తడి మీద మీటరు మందాన నీరు దుంకితే సెకనుకు సుమారు 85 ఘనపు మీటర్లు పోతాయి. మందం అర మీటరుకు తగ్గితే పోయేవి 30 మాత్రమే. అంటే మందం సగమైతే ప్రవాహం సగానికి కాదు, మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది. ఇంకో తడి నీళ్లు దక్కుతాయన్న ఆశతో మత్తడి మీద అడుగు ఎత్తున ఇసుక బస్తాలు పేర్చారనుకుందాం. చెరువులో నీటి మట్టం అంతే ఉన్నా, మీటరు బదులు 70 సెంటీమీటర్ల మందమే దుంకుతుంది. బయటికి పోయే నీరు 40 శాతానికి పైగా తగ్గుతుంది. చేపలు పోకుండా కట్టిన వలలకు చెత్త తట్టుకున్నా, మత్తడి కాలువను ఆక్రమించి ఇళ్లు కట్టినా ఫలితం ఇదే.

నీరు పొర్లడం ఒకటైతే, కట్ట తెగడానికి రెండో దారి బుంగ. ఏ మట్టికట్టలోనైనా కొంత ఊట సహజం. అది తేటగా వస్తూ, రోజురోజుకూ పెరగకుండా ఉంటే కంగారు అక్కర్లేదు. ఊట నీరు బురదగా మారితే మాత్రం కట్ట లోపలి మట్టి కరిగి బయటికి వస్తోందని అర్థం. తూము కట్టడం మట్టితో కలిసే చోట, ఎండిన తుమ్మ చెట్ల వేర్లు కుళ్లిన చోట, పందికొక్కుల బొరియలు ఉన్న చోట బుంగలు ఎక్కువగా పడతాయి. బుంగను బయటి వైపు మట్టితో మూసేయడం పొరపాటు. లోపలే ఆగిన నీరు మరోచోట దారి చేసుకుంటుంది. బుంగ చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గట్టు కట్టి నీటిని కొంత ఎత్తుకు నిలబెడితే లోపలి నుంచి వచ్చే వేగం తగ్గుతుంది. బుంగ మీద ఇసుక, దాని మీద కంకర పొరలుగా వేస్తే నీరు వస్తుంది, మట్టి ఆగుతుంది. చెరువు లోపలి వైపు మొదలు దొరికితే అక్కడ మూయాలి.

మూడోది కట్ట జారడం. చెరువును హఠాత్తుగా ఖాళీ చేస్తే లోపలి వాలులోని మట్టి ఇంకా నానే ఉంటుంది, దాన్ని ఆనుకుని ఉన్న నీటి దన్ను మాత్రం పోతుంది. దాంతో వాలు కిందికి దిగుతుంది. కట్ట పైన పొడవునా పడే పగులు దానికి తొలి గుర్తు. పొలాల కోసం కట్ట అడుగును తవ్వినా ఇదే ముప్పు.

డ్యామ్ భద్రతా చట్టం 2021 ప్రకారం 15 మీటర్లకు మించి ఎత్తున్న డ్యాములకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ వంటి కొన్ని షరతులకు లోబడే వాటికి వానకాలానికి ముందూ తర్వాతా తనిఖీ తప్పనిసరి. ఊరి చెరువుల్లో అత్యధికం ఈ హద్దుకు దిగువనే ఉంటాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణలో వేల చెరువుల పూడిక తీసి, కట్టలు బలపరిచి, తూములు, మత్తళ్లు మరమ్మతు చేశారు. మరమ్మతు ఒకసారి జరిగితే సరిపోదు, ఏటా కాపలా కావాలి. ఒకప్పుడు ఆ పని నీరటి చేసేవాడు.

రంగనాయకసాగర్, మల్లన్నసాగర్ వంటి రిజర్వాయర్లు వచ్చాక సిద్దిపేట ప్రాంతంలో చాలా చెరువులకు కాలువ నీరు చేరే వీలు ఏర్పడింది. సాగుకు ఇది మేలే. కానీ వానలకు ముందే నిండి ఉన్న చెరువులో వరదను పట్టే చోటు మిగలదు, వచ్చిన నీరంతా మత్తడికే చేరుతుంది. అలాంటి చెరువుల్లో జూన్ లోపే మత్తడి మీది అడ్డంకులు, కాలువలోని కంపచెట్లు తీసేయడం, తూము షట్టరు తిప్పి చూడటం, కట్ట వెనుక వాలు మీది పొదలు నరికి ఊట కంటికి కనిపించేలా ఉంచడం, కుంగిన చోట మట్టి పోసి కట్టను ఒకే ఎత్తుకు తేవడం ముందుగా జరగాలి. కట్టలో ఎక్కడ పల్లముంటే నీరు మొదట అక్కడే పొర్లుతుంది.