ఖైదీ స్త్రీలు – మత్తు మాన్పించు చికిత్స

ఒక చెంచా పంచదారను చెంబెడు నీటిలోను, మరొక చెంచాను గ్లాసెడు నీటిలోను కలిపి రుచి చూడుడు. పంచదార సమానమే అయినను, గ్లాసులోని నీరే ఎక్కువ తియ్యగా నుండును. మద్యపానములోను ఇట్లే జరుగును. పురుషుని శరీరపు బరువులో సుమారు 60 శాతము నీరు. స్త్రీ శరీరములో సుమారు 50 శాతము మాత్రమే. ఒకే బరువుగల స్త్రీ పురుషులు సమానముగా త్రాగినను, స్త్రీ రక్తములో ఆల్కహాలు గాఢత హెచ్చుగా నుండును. స్త్రీల కాలేయము త్వరగా చెడుటకు ఇది యొక కారణము.

భేదము శరీరముతో ముగియదు. చెరసాలకు వచ్చిన స్త్రీలలో పెక్కుమంది అంతకు పూర్వమే హింసకు, అత్యాచారమునకు గురియైనవారు. ఆ బాధను మరచుటకే కొందరు మత్తును ఆశ్రయింతురు. బిడ్డల ఎడబాటు మరొక వేదన. నల్లమందు జాతి మత్తుపదార్థములకు అలవాటుపడిన గర్భిణికి వానిని ఒక్కసారిగా ఆపుట ప్రమాదకరము. వైద్యుని పర్యవేక్షణలో మెథడోను వంటి మందు ఇయ్యవలసి యుండును.

చెరసాలలలోని చికిత్సా విధానములు పెక్కు మొదట పురుషులకొరకు ఏర్పడినవి. స్త్రీలకు తగిన చికిత్సలో స్త్రీలే ఒక జట్టుగా కూర్చుండి, తమ పూర్వపు గాయములను గూర్చి భయములేక మాట్లాడుకొందురు. బిడ్డల పోషణ, విడుదల పిమ్మటి జీవనము కూడ అందులో భాగములే.

ఇది నిజముగా పనిచేయునా? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఒక స్త్రీల చెరసాలలో 115 మందిని, చీట్లు తీసినట్లు, రెండు జట్లుగా విభజించి పరీక్షించిరి. ఒక జట్టునకు వాడుకలోని చికిత్స, రెండవదానికి ఈ కొత్త చికిత్స ఇచ్చిరి. 2010లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి, విడుదలైన ఏడాదిలోగా మొదటి జట్టులో 45 శాతము, రెండవదానిలో 31 శాతము మరల చెరసాల చేరిరి. ఇది చిన్న పరీక్షయే. దీనితోనే తుది నిర్ణయమునకు రారాదు. అయినను తేడా గమనింపదగినది.

అదే సంవత్సరము డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణసభ ఆమోదించిన 'బాంకాక్ నియమములు' 70. వానిలో 15వది ఇట్టి ప్రత్యేక చికిత్సను కోరుచున్నది.

చెరసాలలో మత్తు మానినవారి దేహమునకు దానిని తట్టుకొను శక్తి తగ్గును. బయటికి వచ్చి పూర్వపు మోతాదే తీసికొన్నచో ప్రాణము పోవచ్చును. కనుక చికిత్స చెరసాల ద్వారమువద్ద ఆగిపోరాదు. ఆమె ఇంటివరకు వెంట నడువవలెను.