పడవకు దారి: దుమ్ముగూడెం, ఏలూరు, మాగ్డెబుర్గ్

దక్షిణ బస్తరులో చింతలనార్ చుట్టూ ఉన్న అడవులలో కురిసిన వాన ఏ వాగున పడినా, చివరకు చేరేది గోదావరినే. ఆ అడవులకు దక్షిణాన, గోదావరి ఒడ్డున, దుమ్ముగూడెం ఉన్నది. అక్కడ నదికి అడ్డంగా ఒక పాత ఆనకట్ట కలదు. పంట పొలాల కొరకు కాక, పడవల రాకపోకల కొరకు తలపెట్టిన కట్టడం కావడమే దాని విశేషం.

నీటిపై తేలే బరువును మెల్లగా కదిలించడానికి కావలసిన బలం మిక్కిలి స్వల్పం. ఒక ఎడ్లబండికి మించిన సరుకును ఇద్దరు ముగ్గురు మనుషులు గట్టున నడుస్తూ తాటితో లాగుకొనిపోగలరు. అందుకే రైళ్ల కన్నా జలమార్గాలే మన దేశానికి చౌక అని సర్ ఆర్థర్ కాటన్ జీవితాంతం వాదించారు. నాగపూరు, బీరారు ప్రాంతాల ప్రత్తిని గోదావరిపై సముద్రతీరానికి చేర్చాలన్నది ఆయన సంకల్పం. దీనికి నదిలో మూడు చోట్ల రాతి వరుసలు అడ్డు నిలిచినవి. దుమ్ముగూడెం మొదటిది, ఇచ్చంపల్లి రెండవది, దేవలమర్రి మూడవది. మొదటి చోట ఆనకట్ట, కాలువ, లాకులు సిద్ధమైనవి. మిగిలిన పని పూర్తి కాకుండానే 1871లో పథకాన్ని విరమించారు. మూడింటిలో ఒకటి దాటగలిగినంత మాత్రాన ప్రత్తి పడవకు దారి ఏర్పడలేదు.

డెల్టాలో మాత్రం ఆ దారి అతుకు పడింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తయినవి. గోదావరి కాలువ, కృష్ణా కాలువ ఏలూరు వద్ద కలిసినవి. అక్కడి నుండి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా కాకినాడ పడవ మద్రాసు దాకా పోగలిగేది.

ఆనాటి పడవ ప్రయాణంలో ఒక పగటిని ఊహించుకొనండి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకుంటే గట్టు మీది తాడు, లోతు తగ్గితే గెడ. లాకు రాగానే పడవ రెండు తలుపుల మధ్య గదిలో ప్రవేశిస్తుంది. వెనుక తలుపులు మూసి తూము తెరవగానే నీరు తనంతట తానే సమమట్టమవుతుంది. అప్పుడు ముందు తలుపులు తెరుస్తారు. ఇంధనం ఖర్చు లేకుండా టన్నుల కొద్దీ సరుకు ఒక మెట్టు ఎక్కుతుంది, లేదా దిగుతుంది. రాజమండ్రి వద్ద రైలు వంతెన 1900లో వచ్చింది, తరువాత లారీలు వచ్చినవి. పడవలు క్రమేణా తగ్గినవి. కాలువలు సేద్యానికే పరిమితమైనవి.

జర్మనీలో మిట్టెల్‌లాండ్ కాలువది మరొక కథ. దాని పొడవు 325 కి.మీ. ఇంగ్లండు ఇరుకు కాలువల కొరకు ఏడడుగుల వెడల్పున తయారైన సన్నపడవలో విహారానికి వెళ్లేవారు అక్కడ ఒక పగలు గడిపితే ప్రకృతి శోభ కన్నా రద్దీయే ఎక్కువ కనిపిస్తుంది. నూరు మీటర్లకు మించిన సరుకు నౌకలు ఎదురవుతాయి. అంతటి నౌక పక్క నుండి సాగేటప్పుడు దాని ప్రక్క నీటి మట్టం కాస్త తగ్గి, చిన్న పడవను తన వైపు లాగుతుంది. చుక్కాని పట్టినవారు ఏమరరాదు. లాకు వద్ద ముందుగా సరుకు నౌకలకే అవకాశం, విహార పడవలు వెనుక వేచి ఉండాలి. 2,000 టన్నుల నౌక ఒక్కటి, 20 టన్నుల లారీలు నూరు మోసే బరువును మోస్తుంది.

ఈ కాలువకూ ఒక తెగిన చోటు ఉండేది. 1938లో మాగ్డెబుర్గ్ చేరినా, ఎల్బే నదిపై కాలువ వంతెన లేదు. పడవలు నదిలోకి దిగి, మరల పైకెక్కవలసి వచ్చేది. నదిలో నీరు తగ్గిన రోజులలో నిండు బరువుతో పోజాలవు. వంతెన పని 1942లో ఆగింది. జర్మనీ ఏకీకరణ తరువాత మరల చేపట్టగా 2003లో 918 మీటర్ల నీటి వంతెన ప్రారంభమైంది. ఇప్పుడు నది మీదుగా కాలువ, ఆ కాలువలో నౌక సాగుచున్నవి.

రెండు చోట్లా పని మధ్యలో ఆగింది. ఒక చోట అరవై ఏండ్ల తరువాతనైనా తెగిన చోటు కలిసింది, మరొక చోట కలియలేదు. మన సంస్థలలో పనిచేసేవారికి ఇందలి పాఠం సుపరిచితమే. కిరండూల్ ఖనిజం విశాఖ చేరాలంటే పట్టా ఒక్క చోటా తెగరాదు. జలమార్గానిదీ అదే న్యాయం. కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, భద్రాచలం–రాజమండ్రి నడుమ గోదావరిని కలుపుకొని 2008లో నాల్గవ జాతీయ జలమార్గం ప్రకటితమైంది. 2008లో ప్రకటించినప్పుడు ఆ మార్గం నిడివి 1,078 కి.మీ. అయితే పడవ నడిపేవానికి కావలసిన లెక్క వేరు. దారి పొడవునా అతి తక్కువ లోతు ఎంత, అతి తక్కువ ఎత్తున్న వంతెన ఏది, పనిచేయని లాకు ఎక్కడ అన్నవే ఆ లెక్కలు. వాటిని ముందుగా కొలిచి, సరిచేయవలసినవి సరిచేసిన తరువాతనే పడవలను పిలవాలి.