మీకు తెలుసా? కుష్టులో వేళ్లు పోయేది క్రిమి కొరికి కాదు

ఫిల్మ్‌నగర్‌లో ఏ మేకప్‌మేన్‌నైనా కుష్టు రోగి వేషం వెయ్యమనండి. ముఖానికి బుడిపెలు అంటించి, వేళ్లకు గుడ్డపీలికలు చుడతాడు. నాగభూషణం ‘రక్తకన్నీరు’ నాటకం ఊరూరా ఆడిన నాటి నుంచీ జనం గుర్తుపట్టే రూపం అది. ఒంట్లో జరిగే కథ మాత్రం వేరు.

• నూటికి 95 మందికి కుష్టు క్రిమి సోకినా జబ్బు రాదు. పుట్టుకతో వచ్చిన రోగనిరోధక శక్తే దాని పని పడుతుంది. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించిన ఈ క్రిమి మహా నిదానస్తురాలు. ఒకటి రెండవడానికి దాదాపు రెండు వారాలు! దానికి చల్లటి చోట్లే ఇష్టం: చెవి తమ్మెలు, ముక్కు, చర్మం, చర్మం కిందుగా పోయే నరాలు.

• రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాలు గట్టిగా తిరగబడితే ఒకటో రెండో మచ్చలతో సరి, వాటిలో వెతికినా క్రిములు కనపడవు. కానీ క్రిమి దాక్కునేది నరాల్లోని ష్వాన్ కణాల్లో. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు, ఆ దాడిలో నరమే వాచి చెడిపోతుంది. స్పర్శ పోయిన వేలికి పొయ్యి సెగ తగిలినా తెలియదు. పుండు ఎముక దాకా దిగి, వేలు కురచవుతుంది.

• టీ-కణాలు ఊరుకుంటే క్రిములు కోట్లలో పెరుగుతాయి. బుడిపెలు లేస్తాయి, కనుబొమలు రాలిపోతాయి. విచిత్రమేమిటంటే, అప్పుడే రక్తంలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి. ఏం లాభం? కణం లోపల నక్కిన క్రిమి వాటికి అందదు. ఎక్కువమంది రోగులు ఈ రెండు కొసల నడుమ ఎక్కడో ఉంటారు.

• మందు మొదలెట్టాక కొందరికి మచ్చ ఎర్రగా ఉబ్బి, మోచేతి దగ్గర నరం పీకుతుంది. ‘మందు పడలేదు’ అని బిళ్లలు ఆపేస్తారు. అక్కడే కొంప మునుగుతుంది! అది రోగనిరోధక శక్తి ఒక్కసారిగా విజృంభించడం, అంటే ‘రియాక్షన్’. వెంటనే స్టెరాయిడ్ పడాలి, బిళ్లలు ఆపకూడదు.

• ఫిల్మ్‌నగర్ ఉన్న హైదరాబాద్‌లోనే, కూకట్‌పల్లిలో, రాణి కుముదినీదేవి 1958లో కుష్టు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం పెట్టారు. ఆవిడే తర్వాత హైదరాబాద్ మేయరయ్యారు. చర్లపల్లిలో, కుష్టుపై పనిచేసే లెప్రా సంస్థ వారి పరిశోధన కేంద్రానికైతే బీబీసీ పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’ పేరుంది.

• 1964లో ఇజ్రాయెల్ వైద్యుడు షెస్కిన్, నొప్పులతో నిద్రపట్టని కుష్టు రోగికి నిద్రమాత్రగా థాలిడోమైడ్ ఇచ్చాడు. నిద్రా పట్టింది, ఆ నొప్పులు తెచ్చిన మరో రకం రియాక్షనూ తగ్గింది. గర్భిణులకు మాత్రం ఆ మందు ససేమిరా పనికిరాదు.